టోకి పోనాలో జంతువుల వర్గీకరణ

టోకి పోనా కెనడాకు చెందిన భాషావేత్త సోన్యా లాంగ్ రూపొందించి, 2001లో తొలిసారి ప్రచురించిన కృత్రిమ భాష. 2014లో వెలువడిన అధికారిక గ్రంథంలో సుమారు 120 మూలపదాలు మాత్రమే ఉన్నాయి. వీటిలో ఐదు పదాలతోనే జంతుజాలమంతటినీ వ్యవహరిస్తారు. ఈ వర్గీకరణకు జంతువు ఆకారం, నివాసం, కదలిక ఆధారం. జీవశాస్త్రంలోని వంశక్రమం కాదు.

మూలపదాలు

* సొవెలి: నేలపై తిరిగే క్షీరదాలు. జంతువు అనే అర్థం గల జార్జియన్ పదం దీనికి మూలం.
* వాసో: పక్షులు, రెక్కలు గల ఇతర జీవులు. ఫ్రెంచి పదం నుండి వచ్చింది.
* కాలా: చేపలు, ఇతర జలచరాలు. ఇది ఫిన్నిష్ పదం.
* ఆకెసి: సరీసృపాలు, ఉభయచరాలు. బల్లిని సూచించే డచ్చి పదం దీనికి మూలం.
* పిపి: కీటకాలు, సాలెపురుగులు మొదలైనవి. అకేడియన్ ఫ్రెంచి నుండి వచ్చింది.

మనిషికి "యన్" అనే వేరే పదం ఉంది.

పదబంధాలు

తెలుగుకు భిన్నంగా ఈ భాషలో విశేషణం నామవాచకం తరువాత వస్తుంది. "సొవెలి సులి" అంటే పెద్ద జంతువు. సందర్భాన్ని బట్టి అది ఏనుగు కావచ్చు, ఒంటె కావచ్చు. "ఆకెసి లిన్యా" అంటే తాడు వంటి ఆకెసి, అనగా పాము. తెలుగులో నిప్పుకోడి, నీటిగుర్రం వంటి సమాసాలు ఒక్కొక్క జంతువుకు పేర్లుగా స్థిరపడ్డాయి. టోకి పోనా పదబంధాలు అలా స్థిరమైన పేర్లు కావు. అవి అప్పటికప్పుడు చేసే వర్ణనలు.

రెండు వర్గాలకు చెందే జీవులు

గబ్బిలం ఎగురుతుంది కనుక వాసో అనవచ్చు. బొచ్చు గల జంతువు కనుక సొవెలి అనవచ్చు. నీటిలో నివసించే తిమింగలాన్ని కాలా అనవచ్చు. శాస్త్రంలో ఇటువంటి వెసులుబాటు లేదు. కార్ల్ లిన్నేయస్ 1758లో తిమింగలాలను చేపల నుండి వేరుచేసి క్షీరదాలలో చేర్చాడు. అవి ఊపిరితిత్తులతో శ్వాసించడం, పిల్లలకు పాలివ్వడం ఇందుకు కారణాలు. టోకి పోనాలో మాత్రం రెండు పేర్లూ సరైనవే. ఏ లక్షణం ముఖ్యమో మాట్లాడేవారే నిర్ణయించుకుంటారు.

పరిమితులు

జాతి భేదం తప్పక తెలియవలసిన చోట ఈ పద్ధతి చాలదు. కరిచిన పాము నాగుపామా, కట్లపామా అన్నది మూలపదాలతో సూటిగా చెప్పలేము. అప్పుడు దీర్ఘంగా వర్ణించాలి, లేదా ఇతర భాషలోని పేరును ఆకెసికి విశేషణంగా చేర్చాలి.

ఈ పొదుపుకు ఒక సరదా మినహాయింపు ఉంది. రకూన్ కుటుంబపు జంతువులకు 2009 ఏప్రిల్ 1న హాస్యానికి సృష్టించిన "కియెటెసంటకలు" అనే పదం తరువాత వాడుకలో నిలిచి, 2021 నాటి నిఘంటువులో చోటు పొందింది.

ఇవి కూడా చూడండి

* కృత్రిమ భాష
* ఎస్పరాంటో
* కార్ల్ లిన్నేయస్