రోగి మాట, రాజ్యశాసనము

టాటానగరు స్టేషనులో దిగినవానికి ముందుగా కన్పట్టునవి ఉక్కు కార్ఖానా పొగగొట్టములు. 1919లో సాక్చి గ్రామమునకు జంషెడ్‌పూర్ అనియు, కాలీమాటి స్టేషనునకు టాటానగరు అనియు పేళ్లు వచ్చెను. ఆంధ్రదేశమునుండి పొట్ట చేతబట్టుకొని వెళ్లిన కుటుంబములు అనేకము ఆ కొలిమి నీడలోనే స్థిరపడినవి. ఆ నగరమునకు 30, 40 కిలోమీటర్ల దూరమున, సువర్ణరేఖా నది చెంత, చాండిల్ అను చిన్న ఊరు కలదు. 1952 డిసెంబరులో దేశమంతయు ఆ ఊరివైపు ఆందోళనతో చూచెను. అచట ఒక బక్కపలుచని మనిషి తీవ్రమైన మలేరియా జ్వరముతో పడియుండి, మందు వలదనుచుండెను.

ఆయన వినోబా భావే. అంతకు ఏడాదిన్నర ముందు, 1951 ఏప్రిల్ 18న, తెలంగాణములోని పోచంపల్లిలో భూదానోద్యమమునకు అంకురార్పణ చేసి, కాలినడకన దేశము తిరుగుచు బిహారు చేరెను. శరీరము ఈశ్వరునిది, ఉంచుటయో తీసికొనుటయో ఆయన చిత్తమని వినోబా విశ్వాసము. దేశనాయకులు మొదలు అనుచరులవరకు అందరును బ్రతిమాలిరి. తుదకు ఆయన మెత్తబడి ఔషధము స్వీకరించెను. జ్వరము తగ్గెను. 1953 మార్చిలో అదే చాండిల్‌లో సర్వోదయ సమ్మేళనము జరిగెను.

చిన్న సంఘటనయే. అయినను ఒక పెద్ద ప్రశ్న అందులో ఇమిడియున్నది. రోగి వలదన్నప్పుడు ఆ మాటకు ఎంత విలువ ఇయ్యవలెను? ప్రాణాంతక వ్యాధిలో ఉన్నవాడు మరణమును కోరిన, వైద్యుడు సహాయపడవచ్చునా? మొదటి ప్రశ్నకు మన న్యాయస్థానములు సమాధానము చెప్పుటకు అరువదియైదేండ్లు పట్టెను. రెండవ దానికి అవి నేటికిని కాదనియే చెప్పుచున్నవి.

మన పూర్వులకు ఈ ప్రశ్న క్రొత్త కాదు. ఏడు దినములలో మరణము తప్పదని తెలిసిన పరీక్షిన్మహారాజు గంగాతీరమున ప్రాయోపవిష్టుడై శుకమహర్షి నోట భాగవతమును వినెను. ఆ కథ తెలుగువారికి పోతన్న ద్వారా ఇంటింటి కథ. నేటి జార్ఖండ్‌లోని పారసనాథ్ కొండ, ఇరువదినలుగురు తీర్థంకరులలో ఇరువదిమంది నిర్వాణము పొందిన స్థలమని జైనుల విశ్వాసము. శ్రవణబెళగొళలోని చంద్రగిరిపై సల్లేఖన వ్రతముతో దేహము చాలించినవారిని స్మరించు శాసనములు అనేకము కలవు. ఈ ఆచారములన్నింట ఒక సామాన్య లక్షణము కన్పట్టును. నిర్ణయము ఆ వ్యక్తిదే. అది రహస్యము కాదు, పదిమంది యెదుట జరుగును. క్షణికమైన దుఃఖములో కాక, గురువుల అనుమతితో, మనస్సు కుదుటపడిన పిమ్మట జరుగును. మరొకరి చేయి ప్రాణము తీయదు.

1860 నాటి భారత శిక్షాస్మృతికి ఈ భేదములతో పని లేకపోయెను. 309వ సెక్షను ఆత్మహత్యకు యత్నించి బ్రతికినవానికి ఏడాదివరకు ఖైదు విధించెను. 306వ సెక్షను తోడ్పడినవానికి పదేండ్లవరకు విధించెను. వైరాగ్యముతో అన్నము మానినవాడును, అప్పులబాధతో నూతిలో దూకినవాడును, వ్యాధిబాధ సహింపలేనివాడును శాసనము దృష్టిలో వేర్వేరు కారు.

చాండిల్ ఘటన జరిగిన ముప్పదియేండ్లకు, 1982 నవంబరులో, పౌనార్ ఆశ్రమమున వినోబా మరల తీవ్రముగా జబ్బుపడెను. అప్పటికి ఆయనకు ఎనుబదియేడేండ్లు. ఈ పర్యాయము అన్నము, నీరు, ఔషధము మూడును మానెను. ప్రధానమంత్రి ఇందిరాగాంధీ వచ్చి చూచెను. వైద్యులు ప్రాధేయపడిరి. చాండిల్‌లో మెత్తబడిన మనస్సు పౌనార్‌లో మెత్తబడలేదు. నవంబరు 15, దీపావళినాడు, ఆయన దేహము చాలించెను. ఆయన నోరు తెరచి బలవంతముగా ఆహారము పోయుటకు ఎవరును సాహసింపలేదు. మరుసటి సంవత్సరము రాజ్యము ఆయనకు భారతరత్న బిరుదము నిచ్చెను. పేరులేని రోగి అదే పని చేసిన, శాసనమును ఇంత సులభముగా ప్రక్కకు పెట్టియుందురా?

ఈ ప్రశ్న న్యాయస్థానములను వెంటాడెను. 1986లో బొంబాయి హైకోర్టు 309వ సెక్షను చెల్లదనెను. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెల్లుననెను. 1994లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఇరువురు చెల్లదనగా, 1996 మార్చిలో అయిదుగురు సభ్యుల ధర్మాసనము జ్ఞానకౌర్ కేసులో ఆ తీర్పును త్రోసిపుచ్చి, జీవించు హక్కులో మరణించు హక్కు చేరియుండదని తేల్చెను. అయినను ఆ తీర్పులోనే ఒక సన్నని ద్వారము తెరచియుండెను. మరణ ప్రక్రియ ఆరంభమైన రోగి విషయములో గౌరవముగా మరణించుట జీవితములోని భాగమే కావచ్చునని న్యాయమూర్తులు సూచించిరి.

ఆ ద్వారమును తట్టినవారిలో ఒక తెలుగు యువకుడు కలడు. హైదరాబాదుకు చెందిన చదరంగపు ఆటగాడు కె. వెంకటేశ్‌కు కండరములు క్రమముగా క్షీణించు వ్యాధి ఉండెను. 2004 డిసెంబరునాటికి ఇరువదియైదేండ్ల వయస్సున ఆయన ఊపిరి యంత్రము పాలయ్యెను. ఆయన కోరినది కేవలము మరణము కాదు. అవయవములు చెడకముందే ప్రాణము పోవలెననియు, అవి ఇతరులకు ఉపయోగపడవలెననియు కోరెను. కన్నతల్లియే కొడుకు పక్షమున హైకోర్టును ఆశ్రయించెను. మెదడు మరణింపనిదే ప్రాణాధారమైన అవయవములు తీయుటకు 1994 నాటి అవయవ మార్పిడి చట్టము ఒప్పదు. కోర్టు కాదనెను. డిసెంబరు 17న వెంకటేశ్ మరణించెను.

ఈ తీర్పును తప్పుపట్టుట సులభము కాదు. బ్రతికియున్నవాని దేహమునుండి గుండెను తీసికొనుటకు ఒకసారి ఒప్పిన చట్టము, రేపు దిక్కులేనివాని గుండెకు కావలి ఉండగలదా? కాని తీర్పు సరియైనదైనను, స్పష్టముగా మాటాడగల రోగి చెప్పిన మాట ఎచటికిని చేరకుండనే మిగిలిపోయెనన్న వెలితి తీరదు.

దీనికి సరిగా ఎదురుగా నిలుచునది అరుణా శాన్‌బాగ్ కథ. 1973 నవంబరులో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో అత్యాచారమునకు గురియైన ఆ నర్సు తిరిగి మాటాడలేదు. ఆమెకు ఆహారము మానుటకు అనుమతింపుడని రచయిత్రి పింకీ విరానీ కోర్టును కోరెను. ఏండ్లతరబడి ఆమెను కడిగి, తినిపించిన ఆసుపత్రి నర్సులు వలదనిరి. 2011 మార్చి 7న సుప్రీంకోర్టు నర్సుల మాటనే మన్నించెను. కాని అదే తీర్పులో, హైకోర్టు అనుమతితో ప్రాణాధార చికిత్సను ఉపసంహరింపవచ్చునని నిర్ణయించెను. అరుణ 2015 మే 18న న్యుమోనియాతో మరణించెను.

2018 మార్చి 9న అయిదుగురు న్యాయమూర్తులు మరియొక అడుగు వేసిరి. తెలివి ఉన్నప్పుడే, తనకు తెలివి తప్పిన నాడు ఏ చికిత్స వలదో వ్రాసిపెట్టుకొను హక్కు ప్రతి వయోజనునికి కలదనిరి. ఆ పత్రమునకు మేజిస్ట్రేటు సంతకము కావలెనన్న నిబంధన దానిని పనికిరాకుండ చేయుచుండుటచే, 2023 జనవరిలో నోటరీ లేక గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలునని సడలించిరి. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షను ఆ రూపమున లేదు. ఈ విధముగా వినోబా ఆశ్రమములో చెలాయించిన హక్కు సామాన్యునికిని, కాగితము మీదనైనను, దక్కెను.

వైద్యుడు మందిచ్చి మరణమునకు తోడ్పడుట వేరు. నెదర్లాండ్స్ 2002లోను, కెనడా 2016లోను కొన్ని నిబంధనలతో దానికి ఒప్పినవి. తీరని బాధలో ఉన్నవానికి చికిత్స మానుటతోనే విముక్తి వెంటనే రాదు, ఆ మధ్యకాలపు యాతన ఎవరు అనుభవింతురని అచటివారు అడుగుదురు. అది త్రోసివేయదగిన వాదము కాదు. కాని మన దేశములో ఆ వాదమును తూచునప్పుడు త్రాసులో మరియొక బరువు వేయవలెను. 1985 నాటి మాదకద్రవ్య చట్టము కఠిన నిబంధనల వలన క్యాన్సరు రోగులకు మార్ఫిన్ దొరకుటయే గగనమయ్యెను. 2014లో గాని ఆ చట్టమును సవరింపలేదు. 1993లో కాలికట్‌లో ఆరంభమైన ఉపశమన చికిత్సా ఉద్యమము కేరళలో ఇంటింటికి చేరినది. అన్ని రాష్ట్రములలో అట్లు జరుగలేదు. నొప్పి తగ్గించు మందు అందనివాడు మరణమును కోరిన, అది స్వేచ్ఛతో పలికిన మాటయా, నొప్పి పలికించిన మాటయా? ఇంటిల్లిపాది అప్పులపాలగుట చూచి వృద్ధురాలు ఇక చాలు అనిన, అది ఆమె కోరికయా, ఆమె భయమా?

టాటానగరులో క్యాన్సరు చికిత్సకై 1975లో వెలసిన ఆసుపత్రికి మెహర్బాయి టాటా పేరు పెట్టిరి. ఆమె 1931లో రక్తపు క్యాన్సరుతో, స్వదేశమునకు దూరముగా, బ్రిటనులో మరణించెను. సంపద ఆమెను కాపాడలేదు. ఆమె పేరిట లేచిన గోడల నడుమ నేడు కార్మికులు, ఆదివాసులు చికిత్స పొందుచున్నారు. అట్టి మంచములయొద్దనే ఈ ప్రశ్నకు అసలైన పరీక్ష.

చాండిల్‌లో వినోబాను అందరును బ్రతిమాలిరి, కాని ఎవరును బలవంతపెట్టలేదు. ఆయన ఒప్పుకొన్న పిమ్మటనే మందు ఇచ్చిరి. బ్రతుకుమని అడుగుటకు అంతమంది చుట్టు నిలిచియుండగా పలికిన కాదు, ఔను రెండును నిజమైన మాటలే. అట్టి మనుషులును, నొప్పికి మందును ప్రతి రోగికిని దొరకని దేశములో, మరణమునకు చేయి అందించు శాసనము ముందుగా వచ్చుట తగదు. కాని శాసనము రాలేదను మిషతో రోగి మాట వినకుండుటయు దయ అనిపించుకొనదు.