తొడ ఎముక తల కుంగకముందే

డోన్, బేతంచర్ల చుట్టుపక్కల నాపరాతి పనుల్లో, వేరుశనగ చేలల్లో కష్టపడేవాళ్లు గజ్జల్లో నొప్పి అంటే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. బరువులెత్తారు, రెండు రోజుల్లో తగ్గుతుందిలే అంటారు. కొందరికైతే ఆ నొప్పి మోకాల్లో తెలుస్తుంది. అప్పుడు మోకాలికి ఎక్స్‌రే తీస్తారు, అందులో ఏమీ కనబడదు. ఈలోగా తొడ ఎముక తలకు రక్తం అందక, లోపలి ఎముక చచ్చిపోతూ ఉంటుంది. డాక్టర్లు ఏవీఎన్ అనేది దీన్నే. ఇది ముఖ్యంగా 30 నుంచి 50 ఏళ్ల లోపు, ఇంటిని పోషించే వయసులో ఉన్నవాళ్లకు వస్తుంది.

తుంటి విరగడం, కీలు తప్పడం, మద్యం, సికిల్ సెల్ జబ్బు, ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు దీనికి తెలిసిన కారణాలు. కొవిడ్ తర్వాత స్టెరాయిడ్ల సంగతి మళ్లీ చర్చకు వచ్చింది. ముంబై హిందుజా ఆస్పత్రి వైద్యులు 2021లో కొవిడ్ తర్వాత ఏవీఎన్ వచ్చిన ముగ్గురు రోగుల వివరాలు ప్రచురించారు. వాళ్లు వాడిన ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ సగటున 758 మిల్లీగ్రాములు. కొవిడ్ నిర్ధారణైన సగటున 58 రోజులకే తుంటి నొప్పి మొదలైంది. ముగ్గురిని చూసి ఒక సూత్రం తయారు చేయలేం. కానీ ఉబ్బసానికో కీళ్ల నొప్పులకో ఏం మందో అడగకుండా ఇంజెక్షన్లు వేయించుకునేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

చికిత్స ఎంపిక ప్రధానంగా ఎముక తల గుండ్రంగానే ఉందా, కుంగిపోయిందా అన్నదాని మీద ఆధారపడుతుంది. కుంగకముందు చేసే ఆపరేషన్‌ను కోర్ డీకంప్రెషన్ అంటారు. తొడ పక్క నుంచి సన్నని రంధ్రం చేస్తూ చచ్చిన భాగం దాకా వెళ్లి, లోపలి ఒత్తిడిని తగ్గిస్తారు. ఆ రంధ్రంలోకే, కటి ఎముక నుంచి తీసిన మూలుగను యంత్రంలో తిప్పి, చిక్కబరిచి ఎక్కించడం కణ చికిత్సల్లో ఒకటి. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు కాలి మీద బరువు మోపకుండా ఊతకర్రలతో నడవాలి. రోజు కూలితో బతికే ఇంటికి ఆ వారాలు చాలా భారం. ఈ ఖర్చును ఆస్పత్రి బిల్లులో ఎవరూ రాయరు.

ఆధారాలు ఏం చెబుతున్నాయి? బెల్జియం పరిశోధకులు 2011లో 24 తుంట్ల ఫలితాలు ఇచ్చారు. తొలి దశలోనే ఉన్నవి. 5 ఏళ్ల తర్వాత, కణాలు వేయని 11లో 8 కుంగే దశకు చేరాయి. వేసిన 13లో అలా అయినవి 3. చండీగఢ్ పీజీఐలో 40 మంది రోగుల 51 తుంట్ల మీద చేసి, 2012లో ప్రచురించిన అధ్యయనంలోనూ కణాలు ఎక్కించినవాళ్లకు రెండేళ్లకు మెరుగైన ఫలితాలు వచ్చాయి. అయితే 2016లో ప్రచురితమైన జర్మనీ అధ్యయనంలో అదనపు లాభం కనబడలేదు. కుంగిన దశ రోగుల మీద బెల్జియంలోనే చేసి 2018లో ప్రచురించిన పరీక్షలో కూడా మూలుగ కణాలు పని చేయలేదు. అన్నీ చిన్న అధ్యయనాలే. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే, తొలి దశలో కణాలు మేలు చేయవచ్చు, తల కుంగాక వాటి మీద ఆశ పెట్టుకోవడానికి ఆధారం చాలా తక్కువ అనిపిస్తుంది.

ల్యాబ్‌లో పెంచిన ఎముక కణాలతో చేసే చికిత్సకు మన దేశంలో 2017లో అనుమతి వచ్చింది. అనుమతి ఉన్నంత మాత్రాన ప్రతి దశకూ సరిపోతుందని కాదు. కనుక డబ్బు కట్టే ముందు డాక్టరును అడగాల్సినవి ఇవి: తల కుంగిందా? చచ్చిన భాగం ఎంత? కణాలు లేకుండా డీకంప్రెషన్ ఒక్కటే చేస్తే నాకు తేడా ఏంటి?

తొలి దశలో ఎక్స్‌రే మామూలుగానే ఉండవచ్చు. ఎంఆర్ఐలోనే బయటపడుతుంది. బాసింపట్టు వేసుకుని కూర్చోలేకపోవడం, పడుకోబెట్టి కాలును లోపలికి తిప్పితే గజ్జల్లో నొప్పి పుట్టడం ఉంటే, కర్నూలుదాకా వెళ్లైనా ఎంఆర్ఐ తీయించుకోవాలి. రెండు తుంట్లకూ తీయించాలి, ఎందుకంటే దెబ్బ తగలకుండా వచ్చే ఏవీఎన్‌లో రెండో వైపు కూడా తరచూ దెబ్బతిని ఉంటుంది.

తల కుంగి, నడక కష్టమైనవాళ్లకు కీలు మార్పిడే నమ్మదగ్గ దారి. 2019లో లాన్సెట్‌లో వచ్చిన విశ్లేషణ ప్రకారం మార్చిన తుంటి కీళ్లలో సుమారు 58 శాతం 25 ఏళ్లు నిలుస్తాయి. 70 ఏళ్లవాళ్లకు అది జీవితాంతం సరిపోవచ్చు. 35 ఏళ్ల కూలీకి మాత్రం మళ్లీ ఆపరేషన్ రావచ్చు. ఆ వయసువాళ్ల సొంత కీలును వీలైనంత కాలం కాపాడడానికే తొలి దశ చికిత్సలన్నీ.