నూట అరవై అక్షరాల్లో తెలుగు

సెల్‌ఫోన్ మెసేజీలు పిల్లల రాతను పాడుచేశాయని స్టాఫ్‌రూములో ఎప్పుడు విన్నా నా మనసు ఒప్పదు. ఆ పొట్టి రాత బద్ధకంతో పుట్టలేదు. మొదటి ఎస్సెమ్మెస్ 1992 డిసెంబరు 3న బ్రిటన్‌లో వెళ్లింది. ఒక మెసేజీకి ఇంగ్లిష్‌లో 160 అక్షరాలు పడతాయి. యూనికోడ్ తెలుగుకు 70 స్థానాలే. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరమే అందులో ఆరు తినేస్తుంది. పైగా మీటల ఫోన్లు చాలావాటిలో తెలుగే లేదు. అందుకే మా డిగ్రీ పిల్లలు తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో, అచ్చులు మింగేసి రాసుకున్నారు.

పరీక్షల ఇంగ్లిష్ పేపర్లలో ‘you’ బదులు ‘u’ అన్న ఒంటి అక్షరం అక్కడక్కడా కనిపించేది, నిజమే. తెలుగు పేపర్లు దిద్దుతుంటే నన్ను బాధపెట్టింది వేరు: ణ-న, ళ-ల తేడా చెదిరిపోవడం. ఇంగ్లిష్ అక్షరాల్లో ఆ తేడా మామూలుగా ఎవరూ చూపించరు కదా. అయినా నేరమంతా ఫోనుదే అనను. పుస్తకం పట్టని చేతికీ ఆ తప్పు వస్తుంది.

కాలేజీ పిల్లల రాత మీద పెద్దల బెంగ మనకు కొత్త కాదు. మద్రాసు విశ్వవిద్యాలయంలో విద్యార్థులు వ్యావహారికంలో వ్యాసం రాయొచ్చా అన్న వాదన రేగినప్పుడు వ్యావహారికాన్ని సమర్థిస్తూ గురజాడ రాసిన అసమ్మతి పత్రం 1914లో వచ్చింది. గిడుగుదీ అదే పక్షం. వాళ్లు ఏ వాడుకభాష కోసం పోరాడారో దానిలోనే నా విద్యార్థులు ఇవాళ పరీక్షలు రాస్తున్నారు.