కడలి దాఁటి వచ్చిన పంతులమ్మలు



మన చరిత్ర యనఁగానే మనవారు మత్స్యగంధితో నారంభింతురు. వేదములను విభజించిన వ్యాసుఁడు మన యాఁడుబిడ్డ కడుపునఁ బుట్టినవాఁడని గర్వింతురు. అది గర్వింపఁదగిన మాటయే. కాని యా తల్లి పేరు చెప్పుకొను కులమున నాఁడుబిడ్డలు తరతరములు వ్రేలిముద్రలతో సరిపెట్టుకొనిరనుటయుఁ జెప్పినఁగాని చరిత్ర పూర్తి కాదు.

మా యూరు భావనపాడు. 1936వ సంవత్సరము వఱకు నిది గంజాము జిల్లాలోనిది. ఆ కాలమున గంజాము, విశాఖపట్టణము జిల్లాలనుండి వేలకొలఁది మగవారు బర్మాకుఁ గూలికిఁ బోవుచుండిరి. కోరంగి రేవు పేరును బట్టి యచ్చటివారు తెలుఁగువారిని కోరంగీలని పిలిచెడివారు. మా తాతయు రంగూను రేవులో మూటలు మోసినవాఁడే. 1930 మే నెలలో నా రేవునఁ దెలుఁగు కూలీలకును బర్మా కూలీలకును ఘోరమైన కొట్లాట జరిగి పెక్కండ్రు చనిపోయిరి. ఆ వార్త మన తీరమునకు వచ్చిన కొన్నాళ్లకు మా మామ్మకు రంగూనునుండి యొక యుత్తరము వచ్చెను. పేటలోఁ జదువు వచ్చినవారు లేరు. ఆమె యుప్పుమళ్ల గట్ల వెంబడి నౌపడాకు నడచి, ఉత్తరములు చదివిపెట్టు గుమాస్తా కొఱకుఁ బ్రొద్దు గ్రుంకు వఱకుఁ గూర్చుండెను. భర్త బ్రతికియున్నాఁడో లేఁడో చెప్పు కాగితము కొంగున నున్నది. చదువుటకు నక్షరము రాదు. తుదకు గుమాస్తా వచ్చి చదివెను. తాత క్షేమము. జవాబు చెప్పుమనఁగా నామె “మేమును క్షేమమే” అని మాత్రము చెప్పెనఁట. “పరాయివాని యెదుట మగనితో మఱేమి చెప్పుదును నాయనా?” అని నాతో ననుచుండెడిది. ఆ ప్రశ్నయే నన్నుఁ బంతులను జేసినది.

మనవా రెక్కిన యోడలకు నెదురుగా, అంతకుఁ జాల ముందే, బర్మానుండి తెలుఁగుదేశమునకు వచ్చిన పంతులమ్మ యొకతె కలదు. ఆమె పేరు హన్నా మరియా నోరిస్. కెనడా తూర్పుతీరమున నోవాస్కోషియా సీమలోని కాన్సో యను చేఁపలరేవు ఆమె యూరు. పాఠములు చెప్పుట యామె వృత్తి. బర్మాకుఁ బోయి స్త్రీలకు బోధింతుననఁగా, మతసంఘపు పెద్దలు తమకడ సొమ్ము లేదనియు, సంఘములలోని స్త్రీల నడుగుమనియుఁ జెప్పిరి. 1870 వేసవిలో నామె యూరూరఁ దిరిగి ముప్పదికి మించిన స్త్రీసమాజములను స్థాపించి, ఆ యేఁటనే యోడ యెక్కెను. కరెన్ జాతివారి నడుమఁ గొన్నేండ్లు పనిచేసి, 1874లో ఆర్మ్‌స్ట్రాంగను బోధకుని వివాహమాడి, పిదపఁ దెలుఁగుదేశమునకు వచ్చి మన శ్రీకాకుళమునఁ గాపురముండెను. తరువాత దంపతులు మరల బర్మాకుఁ బోయి, అచ్చటికి వలసవచ్చిన తెలుఁగువారి నడుమను దమిళుల నడుమను బనిచేసిరి.

ఆమె వచ్చినది క్రైస్తవమత ప్రచారమునకు. దానిని మఱుఁగుపఱచుట చరిత్ర గాదు. మన పెద్దలు శంకించుటయు నకారణము గాదు. ఆమె వెనుక వచ్చిన కెనడా స్త్రీలు తెలుఁగుదేశమునఁ బెక్కుచోట్ల బాలికాపాఠశాలలు నడపిరనుటయు నంతే నిజము.

మతము మార్పఁదలఁపక, మన యాఁడుపిల్లలకుఁ జదువు చెప్పుటకే సముద్రము దాఁటినవారును గలరు. ఐర్లండు దేశపు మార్గరెట్ నోబుల్ వివేకానందస్వామి పిలుపున 1898 జనవరిలోఁ గలకత్తా చేరి, సోదరి నివేదితయై, నవంబరు 13వ తేదీన బాగ్‌బజారులో బాలికాపాఠశాల తెఱచెను. తలిదండ్రులు పిల్లలను బంపుటకు వెనుదీసిరి. ఆమె వంగభాష నేర్చుచు, ఇంటింటికిఁ బోయి బ్రతిమాలెను. సొమ్ము చాలక 1899లోఁ బాశ్చాత్యదేశములకుఁ బోయి, యుపన్యాసములిచ్చి ధనము గూర్ప యత్నించి, 1902లోఁ దిరిగివచ్చెను. అమెరికానుండి వచ్చిన సోదరి క్రిస్టీను ఆమెకుఁ దోడయ్యెను. 1903లో గృహిణులకును దరగతి పెట్టిరి. మా మామ్మవంటివారికి నట్టి తరగతి మన తీరమున నుండినచో నౌపడాకు నడువవలసిన పని యుండకపోవును.

ఈ చరిత్రమునుండి నాకుఁ దోఁచినవి రెండు. పరదేశమునకుఁ బోయి పాఠము చెప్పువారు ముందుగా నచ్చటి భాషకు శిష్యులు గావలయును. మన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో సవరభాష నేర్చిన పిదపఁ గదా సవరలకు బడులు పెట్టినది! రెండవది, పంతులమ్మ యొక్కతె వచ్చినంతమాత్రమున బడి నిలువదు. వెనుక నిలిచి చిన్నచిన్న చందాలు కూర్చువారు కావలయును. కాన్సో స్త్రీలు చేసినపని యదియే.

నేఁడు మనవారు రంగూనుకుఁ బోవుట లేదు. గుజరాతులోని వేరావలునకుఁ బోవుచున్నారు. 2018 నవంబరులో నటనుండి వేఁటకుఁ బోయిన మన ప్రాంతపు మత్స్యకారులు పాకిస్థానువారికిఁ జిక్కి, 2020 జనవరిలోఁ గాని యిల్లు చేరలేదు. అట్టి యాపదలో నర్జీ వ్రాయవలసినది, జవాబు చదువవలసినది ఇంటనున్న యాఁడుదియే. ఇఁక పూరీ, గోపాలపురము తీరములలో మన తెలుఁగు జాలరులు తరతరములుగాఁ గాపురమున్నారు. ఇంట నొకభాష, బడిలో నొకభాష యగుటచేఁ బిల్లలకుఁ గలుగు చిక్కు నన్నేండ్లు పాఠములు చెప్పిన నేనెఱుఁగుదును.

కావున మహాసభవారికి నా మనవి యిది. పట్టములు పొందిన మన యాఁడుబిడ్డలలో నిష్టపడినవారు కొందఱు ముందుగా నొడియా నేర్చి, యేఁట మూఁడునెలలు ఆ తీరములకుఁ బోయి బాలికలకుఁ బాఠములు చెప్పవలయును. జీతము వారడుగరు, భోజనము, బస, దారిఖర్చు మనము చూడవలయును. అందులకు స్త్రీల చందాలతో నొక నిధి యీ సభలోనే యేర్పడుఁగాక. మొదటి చందాగా నా పింఛను నొకనెలది కోశాధికారిగారికి మా మామ్మ పేర నొప్పగించుచున్నాను.

శుభమస్తు.