అందరూ బిడ్డను చూస్తున్న వేళ

రాత్రి ఒకటిన్నర. లేబర్ రూమ్‌లో పరిచిన చాప మీద మీరు మోకాళ్ళ మీద ఉన్నారు. మీ ముందు ఇరవై మూడేళ్ళ అమ్మాయి, గోడకు బిగించిన కమ్మీని రెండు చేతులతో పట్టుకుని వంగి నిలబడింది. నొప్పి మొదలైందని ఆమె చెప్పక్కర్లేదు. వీపు బిగుసుకుంటుంది, కాలి వేళ్ళు చాపను గీరుతాయి. మీ అరచెయ్యి ఆమె నడుం కింద ఆనించండి. నొక్కండి. ఇంకొంచెం గట్టిగా. ఆమె తల ఊపింది. అంటే అక్కడే.

"ఊపిరి వదులు చెల్లె. నోటితోని, మెల్లగ."

నొప్పి దిగింది. ఆమె నుదురు కమ్మీకి ఆనించి అడుగుతుంది: "ఇంకెంతసేపు సిస్టర్?"

తొలి కాన్పు. ఇందాక చూసినప్పుడు గర్భాశయ ద్వారం 7 సెంటీమీటర్లు తెరుచుకుంది. 10 కావాలి. గంట పడుతుందా, మూడు గంటలా? మీకు తెలియదు. తెలియదనే చెప్పండి. "నేనైతే ఎటూ పోను" అని కూడా చెప్పండి. ఆ రెండో మాట విన్నాకే ఆమె భుజాలు కిందికి దిగుతాయి.

ఇది కరీంనగర్ వైపు ఒక ప్రభుత్వ మాతా శిశు ఆరోగ్య కేంద్రం. మీరు స్టాఫ్ నర్సు. 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ పూర్తిచేసి వచ్చారు. 2017లో తెలంగాణ ప్రభుత్వం, ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ కలిసి ఈ శిక్షణ మొదలుపెట్టాయి. మరుసటి ఏడాది కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. గోడ కమ్మీ, నేల మీద చాప, ఆ మూలనున్న పెద్ద బంతి ఆ చదువుతో వచ్చినవే. నొప్పులు పడే మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు కట్టేయక్కర్లేదని, నడవనివ్వాలని, వంగనివ్వాలని, మంచినీళ్ళు తాగనివ్వాలని అక్కడ నేర్చుకున్నారు. ఇంత చిన్న సంగతికి చదువు కావలసి వచ్చిందే అని నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

తోడుగా ఉన్న తల్లి మీ మోచెయ్యి పట్టుకుంటుంది. "సిస్టరమ్మా, పిల్ల ఓర్సుకుంటలేదు. ఆపరేషన్ చేయమను. మా వాడకట్టుల అందరికీ ఆపరేషనే అయ్యింది. తెల్లారితే అమాస గూడ పడ్తది. అల్లుడు గూడ ఫోన్ల అదే అంటుండు."

ఆమె మీద విసుక్కోకండి. ఆమె చూసిందే చెబుతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5 శాతం. నార్మల్‌గా కన్నవాళ్ళు ఆమె వాడకట్టులో నిజంగానే తక్కువ.

ఇప్పుడు నిర్ణయం మీది. డాక్టర్ మేడమ్ పక్క థియేటర్‌లో ఉన్నారు. ఒక్క కేక చాలు. కానీ ముందు చూడండి. డాప్లర్ పొట్టకు ఆనించండి. టక్ టక్ టక్ టక్. 138. 110కీ 160కీ మధ్య ఉంటే బిడ్డ గుండె బాగున్నట్టే. ఉమ్మనీరు తేటగా ఉంది. బీపీ 118/76. చార్టులో గీత ముందుకే నడుస్తోంది. ఆపరేషన్ ప్రాణం నిలిపే పని. అవసరమైన రాత్రి దాన్ని ఆలస్యం చేయడం తప్పు. ఈ రాత్రి ఆ అవసరం కనిపించడం లేదు.

"అమ్మా, లోపల బిడ్డ మంచిగున్నది. ఇగో, నువ్వే విను." డాప్లర్ చప్పుడు పెంచండి. ఆమె చెవి దగ్గరికి వంచింది. ఇంకేమీ అనకుండా కూతురి జడ ముడివేసి, నీళ్ళ గ్లాసు నోటికి అందిస్తోంది.

ఈ సందులో ఎమర్జెన్సీ ట్రే ఒకసారి చూసుకోండి. ఆక్సిటోసిన్ ఫ్రిజ్‌లోనే ఉందా? 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో లేకపోతే ఆ మందు బలం తగ్గిపోతుంది, పైకి చూస్తే తెలియదు. ట్రానెగ్జామిక్ యాసిడ్ ఉంది. 16 నంబరు క్యాన్యులాలు ఉన్నాయి. పక్కనే ఒక కండోమ్ ప్యాకెట్, దారం, క్యాథెటర్. కొత్తగా చేరిన నర్సులు దాన్ని చూసి అనుమానంగా మొహం పెడతారు. కాన్పయ్యాక అయ్యే అధిక రక్తస్రావం (పీపీహెచ్) మందులకు ఆగకపోతే ఆ కండోమ్‌ను క్యాథెటర్‌కు కట్టి గర్భసంచిలోకి పంపి, సెలైన్‌తో నింపి లోపలి నుంచి ఒత్తిడి పెడతారు. ఢాకాకు చెందిన డాక్టర్ సయేబా అఖ్తర్ రూపొందించిన పద్ధతి అది. ఖరీదైన బెలూన్ కొనలేని ఆసుపత్రుల్లో ఎందరినో బతికించింది. వాడే అవసరం రాకూడదనుకుంటూ ట్రే మూసేయండి.

మూడు దాటింది. అమ్మాయి గొంతు మారింది. ఇందాకటి మూలుగు కాదు, కడుపులోంచి వస్తున్న ముక్కుడు. "ఒత్తుకొస్తుంది సిస్టర్!" అరవకండి, తొయ్యి తొయ్యి అని గోల చేయకండి. ఎప్పుడు ముక్కాలో ఆమె ఒంటికి తెలుస్తుంది. వేడినీళ్ళలో తడిపి పిండిన గుడ్డ కింద ఆనించి పట్టుకోండి. చర్మం మెత్తబడితే పెద్ద చీలికలు తగ్గుతాయి. ఐదు నిమిషాలకోసారి డాప్లర్. 132. 128. 140.

నల్లటి జుట్టు కనబడింది. వెనక్కి పోయింది. మళ్ళీ కనబడింది.

"ఇప్పుడు ముక్కకు. ఊదు. ఊదు చెల్లె, ఊదు."

తల. ఒక్క క్షణం అంతా ఆగుతుంది. భుజం తిరిగింది. జారి మీ చేతుల్లోకి వచ్చేసింది, వెచ్చగా, జిగటగా, బరువుగా. 4 గంటల 5 నిమిషాలు. తుడవకముందే ఏడ్చింది. ఆడపిల్ల.

తల్లి ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టి, పైన పొడిగుడ్డ కప్పండి. అమ్మమ్మ నవ్వుతూ ఏడుస్తోంది. ఆయమ్మ కూడా వంగి చూస్తోంది. "ముక్కు అచ్చం అయ్యదే" అంటున్నారు ఎవరో.

మీరు మాత్రం చూడకండి. గది మొత్తం బిడ్డవైపు తిరిగే ఈ నిమిషంలోనే తల్లులు చేజారిపోతారు. మీరు ఈ గదిలో ఉన్నది తల్లిని చూసుకునే ఆ ఒక్క పనికి.

పొట్ట తడమండి. రెండో బిడ్డ లేదు. ఆక్సిటోసిన్ 10 యూనిట్లు తొడకు. నిమిషం లోపే అయిపోయింది. బొడ్డుతాడు మీ వేళ్ళ కింద ఇంకా కొట్టుకుంటోంది. కొయ్యకండి. మాయలో మిగిలిన రక్తం బిడ్డకు చేరుతోంది. అది ఆగాక క్లిప్పు, కత్తెర. 4:13కి మాయ పడింది. తిప్పి చూడండి. ముక్కలేమీ తగ్గినట్టు లేవు.

4:16. ఆమె నడుం కింద రక్తం కొలిచే గీతలున్న ప్లాస్టిక్ సంచి పరిచి ఉంది. 200 మిల్లీలీటర్ల గీత. గుడ్డ పరిచి కంటితో అంచనా వేస్తే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. కర్ణాటకలోని బెళగావి వైద్యులు ఇలాంటి సంచితోనే కొలిచి పోల్చితే, కంటి అంచనా దాదాపు మూడో వంతు తక్కువ వచ్చింది. మనకు కొంచెమే కదా అనిపించేది కొంచెం కాదన్నమాట.

4:18. సంచిలో 300.

బొడ్డు దగ్గర చెయ్యి పెట్టండి. గర్భసంచి కొబ్బరికాయలా గట్టిగా తగలాలి.

తగల్లేదు. మెత్తగా ఉంది. అంచే దొరకడం లేదు.

నాడి పట్టుకోండి. 112.

"చెల్లె? ఎట్లున్నది?"

"కండ్లు తిరుగుతున్నయ్..."

500 దాటేదాకా ఆగాలా? వద్దు. నాడి మారింది. ఇక ఆగకూడదు.

గొంతు పెంచండి. "పీపీహెచ్! అందరు రండి! మేడమ్‌ను పిలువు!"

బిడ్డను అమ్మమ్మ గుండెకు చేర్చండి. రుద్దండి. పొట్ట మీద నుంచి, గుండ్రంగా, గట్టిగా. ఆమె అరుస్తుంది. అరవనివ్వండి. ఆపకండి.

సంచిలో 400.

ఎందుకు ఆగడం లేదు? మాయ ఊడిన చోట రక్తనాళాల నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం వస్తుంది. ఆ నోళ్ళు మూసేది కుట్లు కాదు, కండరం. అది బిగిస్తేనే మూసుకుంటాయి. ఇప్పుడు బిగించడం లేదు.

"కుడి చేతికి లైన్! 16 నంబర్!"

"పడింది అక్కా."

"ఆక్సిటోసిన్ 20, లీటర్ సెలైన్‌లో. ట్రానెగ్జామిక్ ఒక గ్రాము. మెల్లగ, పది నిమిషాలు."

"ఇస్తున్న."

"రెండో లైన్. బ్లడ్ శాంపిల్ పంపు."

ఒకటి చేసి, తగ్గిందా లేదా అని చూసి, ఇంకొకటి చేయడం పాత అలవాటు. 2023లో వెలువడిన ఇ-మోటివ్ పరిశోధన ఆ అలవాటును మార్చింది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా ఆసుపత్రుల్లో సంచితో కొలిచి, అన్నీ ఒకేసారి మొదలుపెట్టినప్పుడు తీవ్ర రక్తస్రావం బారిన పడ్డవాళ్ళు 60 శాతం తగ్గారు. మీ చేతులు ఇప్పుడు చేస్తున్నది అదే.

480. 520.

ఆమె పెదవులు తెల్లబడ్డాయి.

"చెల్లె, కండ్లు మూయకు. నన్ను చూడు."

చెయ్యి ఆపకండి. కానీ వేళ్ళతో వినండి. గర్భసంచి పైకి ఎక్కినట్టుంది. కుడివైపు ఒరిగింది. దాని కింద ఇంకో ఉబ్బు.

మూత్రం!

రాత్రంతా నీళ్ళు తాగింది. చివరి గంటన్నర లేవలేదు. నిండిన మూత్రాశయం గర్భసంచిని ముడుచుకోనివ్వదు.

"క్యాథెటర్! తొందరగ!"

పడింది. మూత్రం వేరే సంచిలోకి ధారగా దిగుతోంది. 300. 400. ఇంకా.

రుద్దండి. రుద్దండి.

కదిలింది.

మీ అరచేతి కింద ముడుచుకుంటోంది. గట్టిపడింది. మెత్తబడింది. మళ్ళీ గట్టిపడింది. ఈసారి అలాగే ఉంది.

కింద చూడండి. 580. 600. 610. బొట్లు. 620 దగ్గర నిలిచింది.

మేడమ్ గ్లవ్స్ వేసుకుంటూ వచ్చారు. గర్భాశయ ద్వారం చూశారు, లోపల చీలికలేమైనా ఉన్నాయేమో చూశారు, మాయను ట్రేలో మళ్ళీ తిప్పి చూశారు. అంతా పూర్తిగానే ఉంది. బీపీ 96/60. నాడి 104. "బ్లడ్ రెడీగా ఉంచమనండి. చెయ్యి మాత్రం తీయకండి సిస్టర్" అన్నారు. తీయరు. రెండు గంటలపాటు పదిహేను నిమిషాలకోసారి మీ చెయ్యి ఆ పొట్ట మీదే ఉంటుంది. మీ భుజం ఇప్పుడు నొప్పెడుతోంది. ఇందాక తెలియలేదు.

మూలనున్న కుర్చీలో అమ్మమ్మ మనవరాలిని జాకెట్ లోపల గుండెకు ఆనించి పట్టుకుంది, మీరు చెప్పినట్టే. "నా బిడ్డ బతుకుతదా సిస్టరమ్మా?" అంటుంది. తన బిడ్డ గురించి అడుగుతోంది ఆమె.

"మంచిగున్నదమ్మా. తీసుకురా, పాలు పట్టిద్దాం."

"పాలు ఇంకా పడలేదు గద. జర చక్కెర నీళ్ళు నాకిస్త."

వద్దనండి, కోప్పడకుండా. ఒక చుక్క పిండి ఆమెకే చూపించండి. పసుపుపచ్చగా, చిక్కగా. ముర్రుపాలు. మొదటి గంటలో కడుపులో పడాల్సింది ఇదే. బిడ్డను ఛాతీ మీద పెట్టగానే తల అటూ ఇటూ వెతుక్కుంటుంది. నోరు పెద్దగా తెరిచే దాకా ఆగి దగ్గరికి చేర్చండి. గడ్డం రొమ్ముకు ఆనాలి, చుట్టూ ఉన్న నల్లటి భాగం చాలావరకు నోట్లోకి పోవాలి. పట్టింది. ఇందాక మీరు తొడకు ఇచ్చిన ఆక్సిటోసిన్ ఉందే, బిడ్డ చీకుతుంటే అదే ఇప్పుడు ఆమె ఒంట్లో తయారవుతోంది. పొట్ట తడిమి చూడండి. ఇంకా గట్టిపడింది.

పొద్దున తొమ్మిదికి భర్త హైదరాబాద్ నుంచి వచ్చాడు. వార్డు నిండా చుట్టాలు. బరువెంత? రెండు కిలోల తొమ్మిది వందలు. రంగు? నక్షత్రం? మీ డ్యూటీ ఎప్పుడో అయిపోయింది. అయినా ఆ అబ్బాయిని వరండాలోకి పిలవండి.

"తమ్మీ, ఫోన్ల రాసుకో. బట్ట గంటలోపలే నిండా తడిస్తే, జ్వరమొస్తే, చెడు వాసనొస్తే, తల పగిలేటట్టు నొప్పి లేస్తే, కండ్లు మసకబారితే, పిక్కల వాపొస్తే తెల్లారేదాకా చూడొద్దు. వెంటనే 108కి ఫోన్ చెయ్యి."

రాస్తున్నాడు. తలెత్తి, "మా ఆమె ఊకె ఏడుస్తుందక్కా పొద్దటి నుంచి" అన్నాడు.

ఇది దాటవేయకండి. కాన్పయ్యాక కొన్నాళ్ళు కారణం లేకుండా కన్నీళ్ళు రావడం మామూలే. రెండు వారాలు దాటినా దిగులు పోకపోతే, బిడ్డను ముట్టుకోబుద్ధి కాకపోతే, చచ్చిపోవాలనిపిస్తోందని ఒక్కసారి అన్నా అది జబ్బు, దానికి వైద్యం ఉంది. గాలి సోకిందని తాయెత్తులతో సరిపెట్టొద్దని చెప్పండి. రాత్రిపూట బిడ్డ గుడ్డలు అతనే మార్చాలని కూడా చెప్పండి. అలా మార్చితే ఆమెకు రెండు గంటల నిద్ర దొరుకుతుంది.

ఆశా అక్క కూడా వచ్చింది. 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆమె ఇంటికి వెళ్ళాలి. బిడ్డ బరువు, బొడ్డు చూసే కాగితం ఆమె చేతిలో ఉంది. "620 పోయింది ఈమెకు. ఇల్లు ఎక్కంగనే ముందుగాల తల్లి కండ్ల కింద రెప్ప చూడు, తెల్లగుంటే తీసుకరా. ఐరన్ గోలీలు 180 రోజులు, ఒక్కటి తప్పొద్దు."

లోపల పథ్యం గొడవ మొదలైంది. బాలింతకు నీళ్ళు ఎక్కువ ఇవ్వొద్దని, వెల్లుల్లి కారంతో రెండు ముద్దలు చాలని ఒక పెద్దమ్మ గట్టిగా వాదిస్తోంది. మీరు నోరు తెరిచేలోపే అమ్మమ్మ లేచింది.

"రాత్రి నువ్వు లేవు, నేనున్న. నా బిడ్డ ఒంట్ల నెత్తురంత సంచిల పడ్డది. అన్నం పెడ్త, పప్పు పెడ్త, కోడిగుడ్డు పెడ్త." మీ వైపు తిరిగింది. "ఆకుకూర గూడ పెట్టొచ్చు గద సిస్టరమ్మా?"

"పెట్టమ్మా. నీళ్ళు గూడ, అడిగినన్ని."