కోరుకొండ మెట్టలో మేడి, రావి, మర్రి

రాజమహేంద్రవరం నుంచి గోకవరం రోడ్డు పట్టుకుని వస్తే, చదునైన నేల మధ్య ఒంటరిగా లేచిన కొండ ఒకటి కనిపిస్తుంది. అదే మా కోరుకొండ. ఆరువందలకు పైగా నిటారు మెట్లు, పైన లక్ష్మీనరసింహస్వామి. గుడి కట్టించిన ముమ్మడి నాయకుడి పేరు 1353 నాటి శాసనంలో ఉంది. 1323లో ఓరుగల్లు కూలాక ముసునూరి నాయకుల పక్షాన నిలబడి ఈ ప్రాంతాన్ని ఏలినవాడు ఆయన. శ్రీరంగం నుంచి వచ్చిన పరాశర భట్టు ఆయనకు గురువు. కొండకు పరాశరగిరి అనే పేరూ ఉంది. మా ఊరి చరిత్ర రాసేవాళ్ళందరూ ఇక్కడ మొదలుపెట్టి, రెడ్డిరాజులను, గజపతులను పలకరించి, ఫాల్గుణంలో జరిగే స్వామివారి కల్యాణంతో ముగిస్తారు.

వాళ్ళు రాసింది తప్పేమీ కాదు, కానీ సగమే. రాజు తానిచ్చిన దానం రాతి మీద చెక్కించుకున్నాడు. వేసవిలో ఊరికి నీళ్ళెక్కడ దొరికేవి, బండి ఎద్దులను ఎక్కడ విప్పేవారు, తగవులు ఎక్కడ తీర్చేవారు అన్నవి ఏ రాతి మీదా లేవు. వాటి ఆనవాళ్ళు చెట్ల దగ్గర దొరుకుతాయి. ముఖ్యంగా మేడి, రావి, మర్రి, జువ్వి దగ్గర. నాలుగూ ఒకే కుటుంబానివి. ఆకో కొమ్మో తుంచితే నాలుగింటికీ పాలు కారతాయి. నాలుగింటికీ పువ్వు బయటికి కనిపించదు. ఎవరూ విత్తు వెయ్యకపోయినా పిట్ట రెట్టలోంచి మొలుస్తాయి. కానీ వందేళ్ళు నిలబడాలంటే మాత్రం మనుషుల అండ కావాలి. మేకల నోటి నుంచి, గొడ్డలి నుంచి ఎవరో ఒకరు కాపాడితేనే అవి మానులవుతాయి. అందుకే ఊళ్ళో ముసలి రావిచెట్టు ఉందంటే, దాన్ని నిలబెట్టాలనుకున్న మనుషులు తరతరాలుగా ఉన్నారని అర్థం. మన పెద్దలు సప్తసంతానాల్లో కొడుకు పక్కన, గుడి పక్కన, చెరువు పక్కన వనాన్నీ లెక్కపెట్టింది ఊరికే కాదు.

నీళ్ళు చెప్పే చెట్టు

బయటివాళ్ళు గోదావరి జిల్లా అనగానే మమ్మల్నీ కొబ్బరితోటల్లో కలిపేస్తారు. డెల్టా ధవళేశ్వరం దిగువన మొదలవుతుంది. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయి కాలువలు పారింది అటువైపే. గోదావరి ఇంత దగ్గరున్నా మా నేల ఎత్తు మీద ఉంది. మాది మెట్ట. వాన, చెరువు, నుయ్యి, ఈ మూడే దిక్కు. పుష్కర ఎత్తిపోతల నీళ్ళు, వ్యవసాయపు బోర్లు వచ్చింది నిన్నమొన్న.

ఇలాంటి నేలలో మేడిచెట్టు విలువ వేరు. మా వైపు అత్తిచెట్టు అన్నా ఇదే. తడి ఉన్నచోటే బాగా పెరుగుతుంది. వాగుల ఒడ్డున, చెరువు గట్టు వెనక, పుంత (పొలాల బాట) పల్లంలో దీన్ని చూస్తాం. చుట్టుపక్కల పచ్చిక ఎండిపోయినా ఇది పచ్చగా ఉంటే, అడుగున నీళ్ళు మరీ లోతుకు పోలేదని పెద్దలు లెక్కవేసేవారు. ఈ లెక్క చాలా పాతది. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో నేల కింద నీటిని కనిపెట్టే పద్ధతుల కోసం ఒక అధ్యాయమే కేటాయించాడు. మేడిచెట్టుకు పడమరగా మూడు మూరల దూరంలో తవ్వితే, రెండున్నర నిలువుల లోతున మంచినీటి జల తగులుతుందని అందులో చెప్పాడు. దూరం, లోతు అన్ని నేలల్లోనూ అలాగే కుదరవు కానీ, మేడి నీటిని వెతుక్కునే చెట్టన్నది మాత్రం నిజం.

నూతికీ ఈ చెట్టుకూ ఇంకో సంబంధం ఉంది. మేడి కర్ర తేలిక, మెత్తన. ఎండావానల్లో వదిలేస్తే తొందరగా పుచ్చిపోతుంది. తలుపులకు, దూలాలకు పనికిరాదు. అదే కర్ర నీళ్ళలో మునిగి ఉంటే చాలాకాలం చెడదు. అందుకే ఇటుక నూతులు దించే రోజుల్లో అడుగున గుండ్రంగా వేసే చెక్క చట్రానికి మేడిని వాడేవారు. చట్రం మీద ఇటుకలు పేర్చుకుంటూ, లోపల మట్టి తోడుకుంటూ పోతే నుయ్యి తన బరువుకే కిందికి దిగేది. తర్వాత సిమెంటు ఒరలొచ్చాయి. వాటి వెనకే బోర్లొచ్చాయి. చట్రంతో పాటు, ఆ చట్రం చేసే వడ్రంగి పనితనమూ పోయింది.

నరసింహుడి గోళ్ళు

మా కొండ మీది స్వామికీ మేడికీ ముడిపడిన కథ ఒకటి దత్త సంప్రదాయంలో ఉంది. మరాఠీలో సరస్వతీ గంగాధరుడు రాసిన గురుచరిత్ర దాన్ని చెబుతుంది. హిరణ్యకశిపుడి కడుపు చీల్చాక అందులోని విషంతో నరసింహుడి గోళ్ళు మంటెత్తాయట. లక్ష్మీదేవి మేడిపండ్లు తెచ్చి ఇస్తే స్వామి గోళ్ళను వాటిలో గుచ్చుకున్నాడు, మంట చల్లారింది. ఆ మేలుకు ప్రతిగా ఇద్దరూ ఆ చెట్టుకు వరమిచ్చారు. దత్తాత్రేయుడు ఔదుంబరం అనే ఈ మేడిచెట్టు నీడలో ఉంటాడన్న నమ్మకానికి ఈ కథే ఆధారం. దత్తావతారంగా కొలిచే శ్రీపాద శ్రీవల్లభుల జన్మస్థలం మనకు దగ్గరలోని పిఠాపురమే. అక్కడి మహాసంస్థానంలో ఔదుంబర వృక్షానికి ప్రదక్షిణలు చేసేవాళ్ళలో సగంమంది మహారాష్ట్ర, కర్ణాటకల నుంచి వచ్చినవాళ్ళే అనిపిస్తుంది. మన పొలం గట్టు మీద మేకలు మేసేసే చెట్టు కోసం వాళ్ళు రాత్రంతా రైల్లో ప్రయాణించి వస్తారు.

వైష్ణవంలోనూ ఈ చెట్లకు చోటుంది. విష్ణు సహస్రనామంలో మర్రి, మేడి, రావి మూడూ భగవంతుడి పేర్లుగా ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఆ సహస్రనామానికి భగవద్గుణదర్పణమనే వ్యాఖ్య రాసింది శ్రీరంగానికి చెందిన తొలి పరాశర భట్టరు. మా ముమ్మడి నాయకుడి గురువుది కూడా అదే పేరు, అదే శ్రీరంగం. బౌద్ధులకూ ఇవి బోధివృక్షాలే. గౌతముడికి రావి అని అందరికీ తెలుసు. ఆయనకు ముందటి బుద్ధుల్లో కాశ్యపుడికి మర్రి, కనకమునికి మేడి. ఇటు కొడవలిలో, అటు గుంటుపల్లిలో స్తూపాలు వెలిగిన కాలంలో గోదావరికి రెండువైపులా ఈ పేర్లు వినిపించే ఉంటాయి.

పూజగదిలోనూ వీటి వాడకం తెగిపోలేదు. కలశంలో పెట్టే పంచపల్లవాల్లో మామిడి తప్ప మిగిలిన నాలుగూ ఈ కుటుంబానివే. నవగ్రహ హోమంలో గురుడికి రావి సమిధ, శుక్రుడికి మేడి సమిధ. రావికీ వేపకూ పెళ్ళిచేసి చుట్టూ అరుగు కట్టిస్తే అదే రచ్చబండ. తగవులు, పన్ను వసూళ్ళు, ఎన్నికల లెక్కలు అన్నీ దానిమీదే నడిచేవి. మతం పేరుతో నిలిచిన చెట్టు ఊరికి కచేరీ సావిడిగానూ పనికొచ్చింది.

సామర్లకోట దొర

మేడిచెట్టు పుస్తకాలకెక్కిన కథలోనూ మన ప్రాంతానికి భాగముంది. స్కాట్లాండు వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ ఈస్టిండియా కంపెనీ కొలువులో 1781లో సామర్లకోట వచ్చాడు. అక్కడ తోట వేసి మిరియాలు, నీలిమందు, చెరకు వంటివి పెంచి చూశాడు. దాంతో పాటే మన అడవుల మొక్కలను సేకరించి, స్థానిక చిత్రకారులతో బొమ్మలు గీయించాడు. 1793లో కలకత్తా తోటకు వెళ్ళిపోయాడు. 1795 నుంచి లండన్‌లో అచ్చయిన ఆయన కోరమాండల్ తీరపు మొక్కల సంపుటాల్లో మేడి కూడా ఉంది. దానికాయన పెట్టిన పేరు ఫైకస్ గ్లోమరేటా. అంతకుముందే 1753లో లినేయస్ ఫైకస్ రెసిమోసా అని పేరు పెట్టి ఉండడంతో, వృక్షశాస్త్ర నియమం ప్రకారం పాత పేరే నిలిచింది. ఆయుర్వేద పుస్తకాల్లో మాత్రం రాక్స్‌బర్గ్ పేరు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. ఆయన చేత మొక్క మొక్కకూ తెలుగు పేరు రాయించినవాళ్ళు, కుంచె పట్టి బొమ్మలు వేసినవాళ్ళు మన మనుషులే. వాళ్ళ పేర్లు మాత్రం ఆ సంపుటాల అట్ట మీదికి రాలేదు.

ఇంట్లో, దొడ్లో

దేవుడి సంగతి అలా ఉంచితే, రోజువారీ వాడకం ఎక్కువ పేదిళ్ళదీ పశువులదీ. మర్రాకులు కుట్టిన విస్తళ్ళలో పెళ్ళిభోజనాలు సాగేవి. మర్రి ఊడ కొస పళ్ళు తోమే పుల్ల. రావి, జువ్వి కొమ్మలు మేకలకు మేత. మర్రిపాలతో బంక చేసి పిట్టలు పట్టేవారు. లేత మేడికాయలను కూర వండుకునేవారు. కరువు రోజుల్లో పండిన మేడి కూడా కడుపు నింపేది. మేడి వేరు కొస కోసి, కుండ కట్టి, రాత్రంతా ఊరిన నీళ్ళను చలవకని తాగేవారు. మర్రి, మేడి, రావి, జువ్వి బెరడుకు గంగరావి బెరడు కలిపితే ఆయుర్వేదంలో పంచవల్కలం. దాని కషాయంతో పుండ్లు కడగడం పాత వైద్యం. ఇంట్లో బెరడు నూరుకుని గాయాలకు పట్టించేముందు వైద్యుణ్ణి అడగడం మంచిది.

మేడిపండు పొట్టలోని పురుగులను వేమన లోకానికి చాటాడు. దాంతో ఆ పండుకు వచ్చిన చెడ్డపేరు ఇప్పటికీ పోలేదు. చెట్టు వైపు నుంచి చూస్తే అవి పురుగులు కావు, పురోహితులు. మనం పండు అనుకునేది పువ్వుల బుట్ట. వందల చిన్న పువ్వులు లోపలికి తిరిగి ఉంటాయి. రెండు మిల్లీమీటర్ల కందిరీగ ఒకటి కొసనున్న సన్నటి రంధ్రంలోంచి రెక్కలు తెగినా లెక్కచెయ్యక దూరుతుంది. తెచ్చిన పుప్పొడి పువ్వులకు అంటించి, కొన్నిటిలో గుడ్లు పెట్టి అక్కడే చచ్చిపోతుంది. పిల్లల్లో రెక్కల్లేని మగవి గోడకు దారి తొలిచి లోపలే రాలిపోతాయి. ఆడవి పుప్పొడి మోసుకుని ఇంకో చెట్టు వెతుక్కుంటూ ఎగిరిపోతాయి. మర్రికి వేరే కందిరీగ, రావికి వేరేది. ఏడెనిమిది కోట్ల ఏళ్ళుగా సాగుతున్న పొత్తు ఇది.

ఇందులో ఊరి చరిత్రకు పనికొచ్చే మాట ఒకటుంది. బయటికొచ్చిన కందిరీగ బతికేది ఒకటి రెండు రోజులు. ఒక చెట్టు కాయలన్నీ సాధారణంగా ఒకేసారి పక్వానికొస్తాయి కాబట్టి, ఆ కాస్త వ్యవధిలో దానికి వేరే దశలో ఉన్న ఇంకో చెట్టు దొరకాలి. ఊరికో మేడి, పుంతకో మేడి ఉంటేనే ఈ వరస తెగకుండా సాగుతుంది. చెట్లు మరీ పలచబడితే మిగిలినదానికి కాయలు పక్వానికి రాక రాలిపోయే ప్రమాదముంది. అప్పుడు నష్టపోయేవి కోకిలలు, గోరింకలు, గబ్బిలాలు. మిగతా చెట్లకు పండ్లు లేని నెలల్లోనూ వాటికి తిండి పెట్టేది ఈ కుటుంబమే.

ఎలా పెంచాలి, ఎక్కడ పెంచాలి

పెంచడం కష్టమేమీ కాదు. మాగిన పండును నీళ్ళలో పిసికి, అడుగుకు దిగిన సన్నటి గింజలను తీసి, ఇటుక పొడి కలిపిన పశువుల ఎరువు మీద చల్లాలి. మీద మట్టి కప్పకూడదు. వెలుతురు తగలాలి, తడి ఆరకూడదు. మర్రి, జువ్వి చేతిమందం కొమ్మలు తొలకరికి ముందు పాతినా వేరుపోస్తాయి. గాలి అంటు కట్టించుకోవాలంటే గంట ప్రయాణంలో కడియం నర్సరీలున్నాయి. వానాకాలంలో గోడ పగుళ్ళలో, తాటిచెట్ల మట్టల సందుల్లో మొలిచినవాటిని వేరు తెగకుండా ఊడబెరికినా మొక్క దొరికినట్టే, గోడకూ మేలు. నాటాక మొదటి రెండు మూడేళ్ళు ముళ్ళకంప తప్పదు.

అసలు తెలివి నాటే చోటు ఎంచుకోవడంలో ఉంది. ఇంటిగోడ, ట్యాంకు, మరుగుదొడ్డి గొయ్యి, గుడి ప్రాకారం దగ్గర ఈ చెట్లు వద్దు. పాత రాతిగుళ్ళ సందుల్లో మొలిచిన రావిని చిన్నప్పుడే తీసెయ్యకపోతే రాళ్ళు విడిపోతాయి. మేడికి, రావికి గోడ నుంచి కనీసం ముప్పై నలభై అడుగులు వదలాలి. మర్రికి అదీ చాలదు. అనంతపురం వైపు తిమ్మమ్మ మర్రిమాను ఎకరాలకెకరాలు ఆక్రమించిన సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు. వీటికి తగిన చోట్లు చెరువు గట్టు వెనక పల్లం, వాగు ఒడ్డు, శ్మశానం, సంతబయలు, పుంత మలుపు. పాతవాళ్ళు వీటిని ఉంచింది సరిగ్గా ఆ చోట్లలోనే.

ఇప్పుడు రోడ్డు వెడల్పు చేసిన ప్రతిసారీ ముందు పోయేది ఈ చెట్లే. బదులుగా నాటేవి వరసగా, తొందరగా పెరిగి పూలు పూసే రకాలు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. అయితే ఉన్నదాన్ని కొట్టకుండా ఆపడమే ఏ చట్టమైనా చెయ్యగలిగేది. లేనిచోట కొత్తది మొలిపించాల్సింది ఊరివాళ్ళు.

మా కొండ చుట్టుపక్కల ఊళ్ళకు నాదొక సూచన. ప్రతి గ్రామసభలో ఒకసారి, ఊళ్ళో మిగిలిన మేడి, రావి, మర్రి, జువ్వి చెట్లు ఎక్కడెక్కడున్నాయో, ఆ పక్కన పూర్వం నుయ్యో చెరువో ఉండేదా అన్నది పెద్దవాళ్ళను అడిగి పుస్తకంలో ఎక్కించండి. నిండిపోయిన నూతులు, పూడిపోయిన కుంటలు, పొలాల్లో కలిసిపోయిన పుంతలు ఆ జాబితాలో వాటంతటవే బయటపడతాయి. చెట్టు పోయిన చోట, నేల ఇంకా పంచాయతీదే అయితే, తొలకరిలో ఒక మేడిమొక్క పెట్టి కంప కట్టండి. ముమ్మడి నాయకుడి శాసనానికి ఏడు శతాబ్దాలు నిండబోతున్నాయి. 2053లో ఆ ఉత్సవం ఎవరు చేసినా, అప్పటికి ఈ మొక్కలు కాపుకొచ్చి ఉంటాయి.