ఎల్ మిరాజ్: పారేసే ట్యాంకులు పరుగెత్తిన నేల

కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినో కౌంటీలో, మొహావే ఎడారి పడమటి భాగంలో ఎల్ మిరాజ్ ఎండు సరస్సు ఉంది. లాస్ ఏంజెలిస్ నుంచి ఈశాన్యంగా కొండలు దాటి సుమారు 150 కిలోమీటర్లు ప్రయాణిస్తే చేరుకోవచ్చు. తూర్పు పడమరలుగా దాదాపు పది కిలోమీటర్లు పరుచుకున్న ఈ నేలలో చెట్టూ పుట్టా కనిపించవు. చలికాలపు వానలకు చుట్టూ ఉన్న మిట్టల నుంచి సన్నటి బంకమన్ను కొట్టుకొస్తుంది. పలచగా నిలిచిన నీటిని గాలి ఒక ఒడ్డు నుంచి మరో ఒడ్డుకు తోస్తూ ఆ మన్నును సమంగా పరుస్తుంది. ఎండలు ముదిరేసరికి నీరు ఇంకి, నేల అలికిన వాకిలిలా తయారవుతుంది. దగ్గరగా చూస్తే అరచేయంత పలకలుగా సన్నని బీటలు. వాటి మీద కారు వేగంగా పోతే ముఖానికి రాసుకునే పౌడరులా మెత్తని దుమ్ము లేచి చాలాసేపు గాలిలోనే ఉంటుంది. ఏటా తనను తాను బాగుచేసుకునే ఈ నేలే ఇక్కడి కార్ల పరుగుల చరిత్రకు మూలం.

దక్షిణ కాలిఫోర్నియా కుర్రకారు పాత ఫోర్డు కార్లను విప్పి, తేలిక చేసి, ఎండు సరస్సుల మీద వేగం చూసుకోవడం రెండో ప్రపంచ యుద్ధానికి ముందే మొదలైంది. అప్పట్లో వారికి ఇష్టమైన చోటు ఎల్ మిరాజ్‌కు వాయవ్యాన ఉన్న మురాక్ ఎండు సరస్సు. అదుపూ లెక్కా లేని పందేల్లో ప్రమాదాలు పెరగడంతో 1937లో క్లబ్బులన్నీ కలిసి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్‌గా ఏర్పడ్డాయి. 1938 నుంచి ఆ సంఘం గడియారాలు పెట్టి, తరగతులు విడదీసి పరుగులు నడిపింది. అయితే మురాక్‌లో 1933 నుంచే సైన్యం బాంబింగ్ అభ్యాసాలు చేస్తోంది. యుద్ధకాలంలో అక్కడ పెద్ద వైమానిక స్థావరం వెలిసింది. అదే నేటి ఎడ్వర్డ్స్ స్థావరం. అలా సరస్సు విమానాల వశమైంది. యుద్ధం నుంచి తిరిగి వచ్చిన కార్ల వాళ్లకు ఎల్ మిరాజే ప్రధాన వేదికగా మిగిలింది.

ఒక చోట నేలను తీసుకున్న విమానాలే మరో చోట కార్లకు ఒళ్లు సమకూర్చాయి. ఆ ఒళ్లు డ్రాప్ ట్యాంకులు.

యుద్ధ విమానం లోపల పట్టే పెట్రోలు దూర ప్రయాణానికి చాలదు. అందుకే రెక్కల కిందో పొట్ట కిందో అదనపు ట్యాంకులు తగిలించేవారు. ముందుగా వాటిలోని ఇంధనం వాడుకుని, అయిపోగానే, లేదా శత్రు విమానం ఎదురైతే ఇంకా మిగిలి ఉండగానే, పైలట్ మీట నొక్కి వాటిని వదిలేసేవాడు. 1943 ఏప్రిల్ 18న జపాన్ నౌకాదళాధిపతి యమామోటో విమానాన్ని కూల్చిన లాక్‌హీడ్ పి-38లు గ్వాడల్‌కనాల్ నుంచి అంత దూరం వెళ్లగలిగింది ఈ ట్యాంకుల బలంతోనే. ఒక్కో విమానానికి 165 గ్యాలన్ల ట్యాంకు ఒకటి, 310 గ్యాలన్లది ఒకటి తగిలించారు. లీటర్లలో సుమారు 625, 1,170. 1944లో బాంబర్లకు తోడుగా మస్టాంగ్ విమానాలు బెర్లిన్ దాకా పోగలిగాయన్నా కారణం ఇవే.

ఒక పయనం కోసం చేసి పారేసే వస్తువే అయినా దాని రూపం మీద ఇంజనీర్లు చాలా శ్రద్ధ పెట్టారు. ట్యాంకు గాలిని అడ్డుకుంటే అది మోసుకెళ్లిన పెట్రోలు దాన్ని లాగడానికే ఖర్చయిపోతుంది. అందుకే ముందు గుండ్రంగా, మధ్యలో లావుగా, వెనక్కి పోను పోను సన్నబడే నీటిబొట్టు ఆకారం ఇచ్చారు. నేల మీదా గాలి లెక్క ఇదే. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. దాన్ని తోసుకుపోవడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లు. పాత కారు నిలువు అద్దం, రెక్కలు తీసేసినా దాని మొండి ముఖం గాలికి గోడే. ఇంజిన్‌కు ఎంత బలం పెంచినా కొంత వేగం దాటాక ఫలితం దక్కదు. ఒళ్లు మార్చడం తప్ప దారి లేదు. నున్నని వంపుల రేకును చేత్తో సాగగొట్టించడం మాత్రం కుర్రవాళ్ల జేబుకు అందే పని కాదు.

యుద్ధం ముగిశాక ఆ కొరత తీరింది. ప్రతి దాడిలోనూ పారేయాలి గనుక ట్యాంకులను లెక్కకు మిక్కిలిగా తయారు చేసి పెట్టుకున్నారు. శాంతి రాగానే అవి గుట్టలుగా మిగిలిపోయాయి. అరిజోనాలోని కింగ్‌మన్‌లో ఐదు వేలకు పైగా యుద్ధ విమానాలనే ముక్కలు చేసి కరిగించిన కాలమది; ఖాళీ ట్యాంకులను ఎవరు పట్టించుకుంటారు? వాటిలో తుపాకీ లేదు, రహస్య పరికరం లేదు. లాస్ ఏంజెలిస్ చుట్టుపక్కల మిగులు సామాన్ల దుకాణాల్లో, పాత ఇనుప కొట్లలో చవకగా దొరికేవి. పి-38 తయారైంది బర్బాంక్‌లో, మస్టాంగ్ తయారైంది ఇంగిల్‌వుడ్‌లో. రెండూ లాస్ ఏంజెలిస్‌ను ఆనుకున్న ఊళ్లే. విమానాల కర్మాగారాల్లో రేకు పని, వెల్డింగ్ నేర్చిన చేతులకూ అక్కడ కొదవ లేదు. ఈ మార్పు ఇంకో ప్రాంతంలో కాకుండా ఇక్కడే పుట్టడానికి ఆ పొరుగే అసలు కారణమని చెప్పాలి.

ఈ ట్యాంకులో కారును మొదట చూసినవాడు బిల్ బర్క్. యుద్ధంలో కోస్ట్ గార్డ్ తరఫున దక్షిణ పసిఫిక్‌లో పనిచేస్తూ, ఓడలో వచ్చిన డ్రాప్ ట్యాంకులను చూసి, ఇందులో ఇంజిన్ పడుతుందా అని కొలతలు వేసుకున్నాడు. తిరిగి వచ్చాక 1946లో 165 గ్యాలన్ల ట్యాంకు తెచ్చి కారు కట్టాడు. ఇంజిన్ ముందు, మనిషి వెనక. ట్యాంకు ఇరుకు కావడంతో నడిపేవాడి తలా భుజాలూ గాలిలోనే ఉండేవి. అయినా గంటకు 130 మైళ్లు, అంటే దాదాపు 210 కిలోమీటర్లు దాటింది. పేరు మొదటి కారుకే వచ్చినా బర్క్ అసలు ప్రతిభ తర్వాతి కారులో కనిపిస్తుంది. పి-38 పెద్ద ట్యాంకు తీసుకుని అమరికను తిరగేశాడు: మనిషి ముందు, ఇంజిన్ వెనక. ఇంజిన్ బరువు వెనక చక్రాల మీద పడి పట్టు పెరిగింది. మనిషి ట్యాంకులోకి దిగి కూర్చోవడంతో గాలికి అడ్డూ తగ్గింది. ఆ తర్వాత వచ్చిన ట్యాంకు కార్లు ఎక్కువగా ఈ పద్ధతినే అనుసరించాయి.

కారు కట్టడంలో మొదటి పని ట్యాంకును కోయడం. పెట్రోలు పోసిన ట్యాంకు ఖాళీగా కనిపించినా లోపల ఆవిరి మిగిలి ఉంటుంది. నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. అందుకే వాడిన ట్యాంకును బాగా కడిగి, ఆవిరి పోయిందని తేల్చుకున్నాకే కోతకు దిగాలి. తర్వాత పొడవునా పైసగం, కిందిసగంగా విడదీస్తారు. పెట్రోలు అటూ ఇటూ కొట్టుకోకుండా లోపల అడ్డంగా పెట్టిన రేకులను తీసేస్తారు. రేకు పలచన గనుక బరువంతా ఉక్కు చట్రం మోయాలి; కిందిసగం ఆ చట్రం చుట్టూ తొడుగుగా నిలుస్తుంది, పైసగం మూతలా తీసి పెట్టుకునేలా బిగిస్తారు. ఫోర్డు, మెర్క్యురీ వి-8 ఇంజిన్లకు ఎదురుగాలి తగిలే రేడియేటర్ పెట్టరు. అది పెడితే నున్నని ముక్కుకు కన్నం చేయాలి. పరుగు క్షణాల్లో ముగుస్తుంది కాబట్టి లోపలి నీటి తొట్టే వేడిని పీల్చుకుంటుంది. నడిపేవాడు కాళ్లు చాచి వెనక్కి వాలి కూర్చోవాలి. ఇరుసులు రెండు పక్కలకూ బయటికి పొడుచుకొస్తాయి, నాలుగు చక్రాలూ గాలిలో ఉంటాయి. చక్రాలకు తొడుగు లేని ఈ కార్లనే లేక్‌స్టర్లు అంటారు. కనీసం రెండు చక్రాలను కప్పితే అది స్ట్రీమ్‌లైనర్ తరగతిలోకి పోతుంది.

ఎల్ మిరాజ్‌లో పరుగుకు చోటు తక్కువ. అక్కడ పరుగు దారి 1.3 మైళ్లు మాత్రమే. చివర గడియారాలు దాటేలోగా అందుకున్నదే వేగం. అంతకు మించి పోగల కార్లకు చోటు చాలక, సంఘం 1949 ఆగస్టులో యూటా రాష్ట్రంలోని బాన్‌విల్ ఉప్పు మైదానాల్లో మొదటి వేగ వారోత్సవం జరిపింది. ట్యాంకు కార్ల పేరు దేశమంతా పాకింది అక్కడే. బర్బాంక్‌లో 1946లో సో-కాల్ స్పీడ్ షాప్ తెరిచిన అలెక్స్ జైడియాస్ కూడా యుద్ధకాలంలో వైమానిక దళంలో పనిచేసినవాడే. పి-38 పెద్ద ట్యాంకుతో ఆయన కట్టిన కారు 1952లో బాన్‌విల్‌లో వేర్వేరు పరిమాణాల ఇంజిన్లు మార్చుకుని వేర్వేరు తరగతుల్లో పరుగెత్తింది. చిన్న ఇంజిన్‌తో గంటకు 145 మైళ్లు, పెద్ద ఇంజిన్‌తో 195 మైళ్లు దాటింది. అదే ఒళ్లు, అదే నేల. ఇంజిన్ ఎంత చిన్నదైనా రూపం చేసే మేలు ఎంతో ఆ అంకెల్లో స్పష్టంగా తెలుస్తుంది.

అన్ని ట్యాంకులకూ ఈ భాగ్యం లేదు. ఇంగ్లండ్‌లో లోహం పొదుపు కోసం జిగురుతో అంటించిన దళసరి కాగితంతో 108 గ్యాలన్ల ట్యాంకులు చేశారు. పెట్రోలు పోశాక అవి కొన్ని గంటలే ఆగేవి, యుద్ధం తర్వాత ఎందుకూ పనికిరాలేదు. లోహపు ట్యాంకులు మాత్రం వేరే చోట్ల కూడా మళ్లీ పనిలోకి వచ్చాయి. 1964 నుంచి 1973 దాకా అమెరికా బాంబులు కురిసిన లావోస్‌లో పల్లెవాసులు జెట్ విమానాలు వదిలేసిన పొడవాటి ట్యాంకులను కోసి పడవలు చేసుకున్నారు. కాలిఫోర్నియాలో అది వేగం మీద మోజు, లావోస్‌లో నది దాటాల్సిన అవసరం. ఒకే వస్తువు గురించి రాసేటప్పుడు ఈ తేడాను మరుగుపరచకూడదు.

ఎల్ మిరాజ్ ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ భూ నిర్వహణ శాఖ అధీనంలో ఉంది. సరస్సు చుట్టూ కంచె ఉంది. నేల తడిగా ఉంటే వాహనాలను లోపలికి రానివ్వరు, ఎందుకంటే తడి మన్నులో పడిన చక్రాల గాడి ఎండాక గట్టిపడి, వేగంగా వచ్చే కారును బోల్తా కొట్టించగలదు. సంఘం మే నుంచి నవంబరు దాకా పరుగులు జరుపుతుంది. లేక్‌స్టర్ తరగతి కొనసాగుతూనే ఉంది, కానీ ఒళ్లు విమానపు ట్యాంకే కావాలన్న నియమం లేదు. యుద్ధకాలపు ట్యాంకులు అరుదై, సేకర్తల చేతుల్లోకి పోవడంతో కొందరు అదే ఆకారాన్ని ఫైబర్‌గ్లాస్‌తో పోతపోయిస్తున్నారు, కొందరు కొత్త రేకుతో కట్టుకుంటున్నారు.